జెనాన్ హెడ్‌లైటు దారి మధ్యలో ఆరిపోతోంది: తప్పు బల్బుదా, బ్యాలస్టుదా?

శేరిలింగంపల్లి_సెడాన్
సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత జర్మన్ సెడాన్ ఒకటి నా దగ్గర ఉంది. దానికి కంపెనీ నుంచే వచ్చిన జెనాన్ లైట్లు, డి1ఎస్ రకం బల్బులు ఉన్నాయి. ఈ మధ్య రాత్రిపూట విజయవాడ వెళ్తుంటే సూర్యాపేట దాటాక ఎడమవైపు లైటు దానంతట అదే ఆరిపోతోంది. స్విచ్ ఆపి మళ్లీ వేస్తే వెలుగుతుంది, కొంతసేపటికి మళ్లీ ఆరిపోతుంది. ఆరిపోయే ముందు ఆ వెలుగు తెలుపు పోయి లేత గులాబీ రంగులోకి తిరుగుతోందని బండి ముందు నిలబడి చూసిన మా బావమరిది చెప్పాడు. సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే రెండు బల్బులు, రెండు బ్యాలస్టులు (బల్బుకు కరెంటును అదుపు చేసి అందించే పెట్టెలు), వీలైతే ఎడమ హెడ్‌లైటు మొత్తం మార్చాలని ఎస్టిమేటు చేతిలో పెట్టారు. ఆ డబ్బుతో కొత్త బైకు కొనుక్కోవచ్చు. ముందుగా దేన్ని అనుమానించాలో, మార్చిన తర్వాత ఎక్కువ కాలం మన్నాలంటే ఏం చేయాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

ఫిలమెంట్
గులాబీ రంగు కనిపించిందంటే బల్బుకు రోజులు దగ్గరపడ్డాయని అర్థం. బ్యాలస్టు జోలికి ఇప్పుడే వెళ్లకండి.

కెపాసిటర్
ఫిలమెంట్ గారి మాట సరైనదే, కానీ కారణం కూడా తెలిస్తే సర్వీస్ సెంటర్‌లో గట్టిగా మాట్లాడగలరు. (ఫిలమెంటే లేని బల్బు గురించి ఫిలమెంట్ గారు తీర్పు చెప్పడం ఈ వేదికలోనే సాధ్యం.)

జెనాన్ బల్బులో కాలి వెలిగే తీగ ఉండదు. చిన్న క్వార్ట్జ్ గుళికలో రెండు టంగ్‌స్టన్ ఎలక్ట్రోడ్లు సుమారు 4 మిల్లీమీటర్ల ఎడంతో ఎదురెదురుగా ఉంటాయి. గుళికలో అధిక పీడనంతో నింపిన జెనాన్ వాయువు, సోడియం, స్కాండియం వంటి లోహాల అయొడైడ్ లవణాలు, మీ డి1ఎస్ రకంలో అయితే కొద్దిగా పాదరసం కూడా ఉంటాయి. స్విచ్ వేయగానే 20,000 వోల్టులకు మించిన పల్సు ఆ ఎడంలోని వాయువును చీల్చుకుని ఆర్క్, అంటే ఆగకుండా వెలిగే విద్యుత్ మెరుపు, పుట్టిస్తుంది. మొదటి క్షణంలో కనిపించే నీలి వెలుగు జెనాన్‌ది. ఆ వేడికి పాదరసం, లవణాలు ఆవిరై అసలు తెల్లని వెలుగును ఇస్తాయి. ఈ దశ త్వరగా గడవడానికి బ్యాలస్టు మొదటి కొన్ని సెకన్లు బల్బుకు రెట్టింపు శక్తిని తోసి, ఆ తర్వాత 35 వాట్లకు దించుతుంది. ఒక సెకనులో కనీసం నాలుగో వంతు వెలుగు, నాలుగు సెకన్లలో 80 శాతం వెలుగు రావాలని ఐరోపా నియమం ఉంది.

ఆర్క్ నిలబడిన తర్వాత దాన్ని అదుపులో ఉంచే పని బ్యాలస్టుది. మన ఇళ్లలో పాత ట్యూబులైటుకు చోక్ ఎలాగో దీనికి బ్యాలస్టు అలాగ. డి1ఎస్ బల్బుకు సుమారు 85 వోల్టుల ఏసీ కరెంటును సెకనుకు కొన్ని వందల సార్లు దిశ మారుస్తూ అందిస్తుంది. దిశ మారకపోతే ఒక ఎలక్ట్రోడే ఎక్కువగా అరిగిపోతుంది, లవణాలు ఒక మూలకు చేరిపోతాయి.

ఇప్పుడు మీ సమస్యకు వస్తాను. వయసు మీదపడిన బల్బులో టంగ్‌స్టన్ ఆవిరై గుళిక గోడకు నల్లగా అంటుకుంటుంది, ఎలక్ట్రోడ్ల మధ్య ఎడం పెరుగుతుంది, సోడియం తరిగిపోతుంది. రంగు మారడానికి కారణం ఇదే. దీంతోపాటు ఆర్క్ నిలబడటానికి కావలసిన వోల్టేజీ పెరుగుతూ పోయి, తన హద్దు దాటిందని గమనించిన బ్యాలస్టు లైటును ఆపేస్తుంది. అంటే మీ బ్యాలస్టు చెడిపోలేదు సరికదా, తనను తాను కాపాడుకుంటోంది.

బెజవాడ_ఆటోనగర్
ఊహలెందుకు, పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. ఎడమ బల్బును కుడివైపు, కుడి బల్బును ఎడమవైపు వేసి మళ్లీ అదే దూరం నడపండి. జబ్బు బల్బుతోపాటు కుడివైపుకు వెళ్తే బల్బుదే తప్పు. ఎడమవైపే ఉండిపోతే బ్యాలస్టు, వైరింగ్, ఎర్త్, హెడ్‌లైటులో తేమ, ఈ వరుసలో చూడాలి. ఒక మెలిక ఉంది: డి1ఎస్‌లో ఇగ్నైటర్ (వెలిగించే పల్సును పుట్టించే భాగం) బల్బు అడుగున ఉండే లోహపు పెట్టెలోనే ఉంటుంది కాబట్టి బల్బు మారిస్తే ఇగ్నైటర్ కూడా మారినట్టే. డి2ఎస్ రకంలో ఇగ్నైటర్ విడిగా ఉంటుంది, అక్కడ పరీక్ష ఇంకో అడుగు ముందుకు పోవాలి.

బల్బు విప్పే ముందు లైటు స్విచ్ ఆపి, తాళంచెవి బయటికి తీసి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడదీసి, లైటు చల్లారే దాకా ఆగండి. ఇంట్లో సాకెట్ ఇచ్చే షాకు లాగే ఇది కూడా ప్రాణం మీదకు రావచ్చు. గాజును వట్టి చేత్తో పట్టుకోకండి, వేలి జిడ్డు అంటుకుంటే వేడికి అక్కడే గాజు పాడవుతుంది.

రాత్రి_బండి
ఇద్దరూ బల్బు బల్బు అంటున్నారు గానీ, నా బండికీ సరిగ్గా ఇలాగే లైటు ఆరిపోయేది. కొత్త బల్బు వేశాక కూడా మార్పు లేదు. హెడ్‌లైటు విప్పి చూస్తే అడుగున బిగించిన బ్యాలస్టు కనెక్టరులో పచ్చటి తుప్పు పట్టి ఉంది. అంతకుముందు ఎవరో బల్బు మార్చి వెనుక మూత సరిగా బిగించకుండా వదిలేశారు. వానాకాలంలో నీళ్లు దారి చూసుకుని లోపలికి దిగాయి. కాబట్టి రంగు ఒక్కదాన్నే చూసి నిర్ణయానికి రావద్దని నా అభిప్రాయం.

కెపాసిటర్
@రాత్రి_బండి, ఆరిపోయే ముందు మీ లైటు రంగు మారేదా?

రాత్రి_బండి
మారేది కాదు. మినుకుమినుకుమని టక్కున ఆరిపోయేది.

కెపాసిటర్
తేడా అక్కడే ఉంది. రంగు మారి ఆరితే బల్బు వైపు మొగ్గు, రంగు మారకుండా మినుకుమని ఆరితే కరెంటు అందే దారి వైపు మొగ్గు. మొగ్గు మాత్రమే అంటున్నాను. ఆటోనగర్ గారి పరీక్ష తర్వాతే మాట ఖాయం చేసుకోవాలి.

శేరిలింగంపల్లి_సెడాన్
బల్బులు అటూ ఇటూ మార్చి చౌటుప్పల్ దాకా వెళ్లి వచ్చాను. ఇప్పుడు కుడివైపు లైటు గులాబీ రంగుకు తిరిగి ఆరిపోతోంది, ఎడమవైపు నిక్షేపంగా ఉంది. కనుక ఎస్టిమేటులో బ్యాలస్టులు, హెడ్‌లైటు కొట్టివేయమని చెప్పాను. అవతలి నుంచి కాసేపు మౌనం. ఇక మిగిలిన ప్రశ్న, ఒక్క బల్బు కొనాలా, జత కొనాలా?

ఫిలమెంట్
జతే.

పొదుపు_రెడ్డి
ఎందుకు జత? బాగా వెలిగే బల్బును తీసి పక్కన పడేయమనడం దుకాణంవాడి సలహా. చెడిపోయినది ఒక్కటి మార్చండి, రెండోది పోయినప్పుడు దాని సంగతి చూసుకోవచ్చు.

బెజవాడ_ఆటోనగర్
రెడ్డి గారూ, నేను దుకాణంవాడినే, అయినా న్యాయం చెబుతాను. రెండు బల్బులూ ఒకేసారి వెలిగి ఒకేసారి ఆరినవి కాబట్టి రెండింటి వయసూ ఒకటే. ఒకటి పోయిందంటే రెండోదానికీ ఎక్కువ కాలం లేదు. పైగా వయసుతోపాటు వెలుగు తగ్గుతుంది, రంగు కూడా కదులుతుంది. కొత్త బల్బు పక్కన పాతది పెడితే ఒక కన్ను వేరే రంగులో ఉన్నట్టు కనిపిస్తుంది, రోడ్డుకు ఒక పక్కన వెలుగు పలచబడుతుంది. చేతిలో డబ్బు లేకపోతే ఒక్కటే వేసుకోవడం నేరమేమీ కాదు. కానీ మీ బండిలో బల్బు మార్చాలంటే బంపరు వదులు చేయాల్సి వస్తే, రెండుసార్లు ఇచ్చే కూలీలో రెండో బల్బు ఖరీదు కొంత వచ్చేస్తుంది.

పొదుపు_రెడ్డి
బంపరు విప్పాల్సిన బండికి ఒప్పుకుంటాను. వెనుక మూత తీస్తే చెయ్యి పట్టే బండికి నా మాట నాదే.

మ్యూనిక్_తెలుగోడు
కొనేటప్పుడు బల్బు మీది అక్షరాలు ఒకటికి రెండుసార్లు చూసుకోండి. డి1ఎస్, డి3ఎస్ బయటికి దాదాపు ఒకేలా ఉంటాయి. రెండూ 35 వాట్లే, వెలుగు కూడా రెండింటికీ సుమారు 3,200 ల్యూమెన్లు. అయితే డి1ఎస్ 85 వోల్టుల మీద, పాదరసం లేని డి3ఎస్ 42 వోల్టుల మీద పనిచేస్తాయి కాబట్టి ఒకదాని బ్యాలస్టు రెండోదానికి పనికిరాదు. పొరపాటు జరగకుండా వాటి అడుగున గాట్లు వేరుగా పెట్టారు. ఆ గాటును ఆకురాయితో అరగదీసి ఎక్కించే ఘనులు ఇక్కడా ఉన్నారు, అక్కడా ఉన్నారు. 2012 జులై తర్వాత ఐరోపాలో కొత్తగా ఆమోదం పొందే మోడళ్లకు పాదరసం బల్బులు అనుమతించరు గనుక ఆ తరువాతి కార్లలో ఎక్కువగా డి3ఎస్ కనిపిస్తుంది. పాత బండ్లకు స్పేర్‌గా డి1ఎస్ ఇప్పటికీ దొరుకుతుంది.

శేరిలింగంపల్లి_సెడాన్
మా బల్బు మీద డి1ఎస్ అనే ఉంది. మీరు జర్మనీలోనే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను: ఎడమ హెడ్‌లైటు అద్దం పసుపు పచ్చగా మారింది, అక్కడి స్క్రాప్ యార్డు నుంచి మంచి సెకండ్ హ్యాండ్ హెడ్‌లైట్లు తెప్పించుకుంటే లాభమా?

మ్యూనిక్_తెలుగోడు
వద్దు. ఇక్కడ బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి, అందుకని లో బీమ్ వెలుగు కుడి అంచు వైపు పైకి లేస్తుంది. అదే హెడ్‌లైటు మన రోడ్ల మీద పెడితే ఆ లేచిన భాగం నేరుగా ఎదుటి లారీ డ్రైవర్ కళ్లలో పడుతుంది. దుబాయ్ నుంచి వచ్చే వాటిదీ ఇదే కథ. ఎడమవైపు నడిచే బ్రిటన్ నుంచి వచ్చినవైతే కొంత నయం, అయినా వాటి లోపలి తేమ, తుప్పు చూడకుండా కొనకూడదు.

తూర్పు_కనుమ
అద్దం పసుపు రంగు గురించి ఒక మాట. వెలుగు తగ్గిందని బల్బు మార్చేవారిలో చాలామందికి అసలు తగ్గినది బల్బు వెలుగు కాదు. హెడ్‌లైటు ముందుభాగం గాజు కాదు, పాలికార్బనేట్. దాని పైపూత ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పాడై పొరలు లేస్తుంది, వెలుగు చెదిరిపోతుంది. మన మే నెల ఎండలో ఆఫీసు పార్కింగ్‌లో ముఖం పడమటికి తిప్పి నిలబెట్టిన బండ్లను చూడండి. టూత్‌పేస్టుతో రుద్దితే వారం రోజులు మెరిసి మళ్లీ మొదటికి వస్తుంది; నీళ్ల కాగితంతో వరుసగా సన్నని రకాలకు వెళ్తూ రుద్ది, పాలిష్ చేసి, చివర యూవీ క్లియర్ కోటు వేయించాలి. ఆ కోటు లేకుండా చేసిన పని చేయనట్టే.

కొత్త బల్బు వేసినా వెలుగు దగ్గరలోనే పడుతుంటే వెనుక యాక్సిల్ దగ్గర ఉండే లెవలింగ్ సెన్సర్ (బండి వంపును బట్టి లైటు ఎత్తు సరిచేయడానికి పెట్టినది) లింకును చూడండి. గుంతల్లో ఆ చిన్న కడ్డీ విరుగుతుంది, లేదా తుప్పుకు బిగుసుకుపోతుంది. అప్పుడు చాలా కార్లలో లైట్లు కిందికి దిగి అక్కడే ఉండిపోతాయి. డాష్‌బోర్డులో హెచ్చరిక కనిపిస్తున్నా ఎవరూ దాన్ని పట్టించుకోరు.

డాలస్_గోదావరి
అసలు ప్రశ్నలోని రెండో సగానికి ఎవరూ జవాబు చెప్పలేదు. మన్నిక గురించి నాకు తెలిసినది రాస్తాను.

కంపెనీ జెనాన్ బల్బు ఆయుష్షు సుమారు 2,000 గంటలు అంటారు, మామూలు హెచ్7 హాలోజన్ దాదాపు 500 గంటలు. అయితే ఆ 2,000 గంటలు నిరంతరంగా వెలిగించిన లెక్క కాదు, పరీక్షలోనే నిర్ణీత వ్యవధులతో ఆర్పి వెలిగిస్తారు. వెలిగే ప్రతిసారీ చల్లటి ఎలక్ట్రోడ్ల మీద రెట్టింపు శక్తి పడి కొంత టంగ్‌స్టన్ ఊడిపోతుంది. అందువల్ల ఈ బల్బును గంటలు వెలిగించడం కన్నా మాటిమాటికీ ఆర్పి వెలిగించడం ఎక్కువ అరగదీస్తుంది. ఫ్లైఓవర్ కింద వేసి, బయటికి రాగానే ఆపి, మళ్లీ సొరంగంలో వేసే అలవాటు ఉంటే మానుకోవాలి. ఒకసారి వేశాక గమ్యం దాకా ఉంచేయడమే మంచిది. ఆటో మోడ్‌లో ఉన్న లైట్లు చెట్ల నీడకు కూడా వెలిగే బండ్లలో పగటి పూట స్విచ్‌ను ఆటో నుంచి తీసేయడం మేలు. ఇంకొకటి, ఇప్పుడే ఆర్పిన వేడి బల్బును వెంటనే వెలిగించాలంటే లోపలి ఆవిరి పీడనం ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఇగ్నైటర్ మీద ఇంకా ఎక్కువ భారం పడుతుంది.

రాత్రి_బండి
అయితే మన డిప్పర్ అలవాటు మాటేమిటి? ఓవర్‌టేక్ చేసే ప్రతి ఒక్కరూ పట్టపగలు డిప్పర్ కొడుతూనే ఉంటారు.

డాలస్_గోదావరి
మంచి ప్రశ్న. బై-జెనాన్‌లో హై బీమ్‌కు వేరే బల్బు ఉండదు. ప్రొజెక్టరు (వెలుగును లెన్సు గుండా పంపే హెడ్‌లైటు భాగం) లోపల వెలుగును అడ్డుకునే రేకును సాలినాయిడ్ అనే చిన్న విద్యుదయస్కాంతం లాగితే అది కిందికి వాలిపోతుంది, అదే హై బీమ్. రాత్రి లైటు వెలిగి ఉండగా డిప్పర్ కొడితే రేకు మాత్రమే కదులుతుంది, బల్బుకు ఏ నష్టమూ లేదు. పగలు లైటు ఆరి ఉన్నప్పుడు కొడితే కొన్ని కార్లు దానికోసమే విడిగా పెట్టిన హాలోజన్ బల్బును వెలిగిస్తాయి, అది లేని కార్లలో చల్లటి జెనాన్ బల్బు ఒక్క క్షణం కోసం వెలిగి ఆరిపోతుంది. మీ బండి ఏ రకమో సాయంత్రం ఒకసారి గోడ ముందు నిలబెట్టి చూసుకోండి. రెండో రకమైతే పగటి పూట హారన్ కొట్టుకోవడమే బల్బుకు క్షేమం.

పొదుపు_రెడ్డి
బల్బు క్షేమం సరే, చెవుల క్షేమం?

బెజవాడ_ఆటోనగర్
కరెంటు సంగతి కూడా కలుపుకోండి. వెలిగే క్షణంలో బ్యాలస్టు బ్యాటరీ నుంచి చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. బ్యాటరీ బలహీనంగా ఉన్నా, ఎర్త్ పాయింటు తుప్పు పట్టినా, ఆల్టర్నేటర్ సరిగా ఛార్జ్ చేయకపోయినా వోల్టేజీ పడిపోయి బ్యాలస్టు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఆ ప్రయత్నాలన్నీ బల్బు ఖాతాలోనే పడతాయి. కనుక ఇంజిన్ స్టార్ట్ అయిన తర్వాతే లైటు వేయండి. బల్బు మార్చిన ప్రతిసారీ వెనుక మూత రబ్బరు గాస్కెట్ పగిలిందేమో చూడండి, పగిలితే ఆ రబ్బరే మార్చండి, మూత చుట్టూ సిలికాన్ పూయకండి. హెడ్‌లైటుకు గాలి ఆడే రంధ్రాలు ఉంటాయి, అవి మూసుకుపోతే తేమ బయటికి పోలేక బ్యాలస్టు మీదే కూర్చుంటుంది. సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్‌తో హెడ్‌లైటు వెనుక నీళ్లు కొట్టవద్దని ముందే చెప్పండి.

కొత్త_లైసెన్సు
జత కొంటున్నప్పుడు 4300కె బదులు 8000కె వేసుకుంటే ఇంకా తెల్లగా, ఇంకా ఎక్కువ వెలుగు వస్తుంది కదా?

తూర్పు_కనుమ
రాదు. కె అంటే కెల్విన్, ఆ అంకె రంగును చెబుతుంది, వెలుగు పరిమాణాన్ని కాదు. కంపెనీలు పెట్టేది సుమారు 4300కె, అక్కడే ఈ బల్బు ఎక్కువ ల్యూమెన్లు ఇస్తుంది. అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలంగా మారి పరిమాణం తగ్గుతుంది. తడిసిన తారు మీద, లంబసింగి ఘాట్‌లో డిసెంబరు మంచులో నీలి లైటుతో నడిపిన వాళ్లను అడగండి, మధ్య గీత ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్లామని చెబుతారు.

కొత్త_లైసెన్సు
నా హ్యాచ్‌బ్యాక్‌కు జెనాన్ కిట్ అమర్చుకుందామనుకున్నాను. ఇప్పుడు హాలోజన్ బల్బు ఉన్న హెచ్4 హోల్డరులో సరిగ్గా కూర్చుంటుందని దుకాణంలో చెప్పారు.

కెపాసిటర్
కూర్చుంటుంది, అక్కడితో దాని అర్హత అయిపోతుంది. మీ రిఫ్లెక్టరును హెచ్4 ఫిలమెంటు ఎక్కడ ఉంటుందో, ఎంత పొడవు ఉంటుందో, లో బీమ్‌కు కింద ఉండే చిన్న కప్పు ఎంత వెలుగును ఆపుతుందో లెక్కవేసి చేశారు. ఆర్క్ ఆకారం వేరు, వెలుగు ఎక్కువ, కప్పు పని సరిగా జరగదు. ఫలితంగా మీ ముందు నేల మెరుస్తుంది, ఎదుటివాడికి కళ్లు మూసుకుపోతాయి, మీకు కావలసిన దూరంలో మాత్రం వెలుగు పెరగదు. కంపెనీ జెనాన్‌కు లెన్సు ఉన్న ప్రొజెక్టరునో, జెనాన్ కోసమే చేసిన రిఫ్లెక్టరునో పెట్టడం అందుకే. 2,000 ల్యూమెన్లు దాటిన లైటుకు ఆటోమేటిక్ లెవలింగ్, లైటును కడిగే వాషరు తప్పనిసరి అని ఐరోపా నియమం పెట్టడానికి కారణం కూడా ఎదుటివాడి కళ్లే. మురికి పట్టిన అద్దం వెలుగును అన్ని వైపులకూ చిమ్ముతుంది. హెచ్4 హోల్డరులో హాలోజనే ఉంచి, అద్దం శుభ్రం చేయించి, రిలే వైరింగ్ (బ్యాటరీ నుంచి నేరుగా బల్బుకు కరెంటు తెచ్చే వైర్లు) వేయించుకోండి.

మ్యూనిక్_తెలుగోడు
ఇక్కడ రెండేళ్లకోసారి జరిగే తనిఖీలో అలాంటి కిట్ కనిపిస్తే బండి పాస్ కాదు. ఏటా అక్టోబరులో గ్యారేజీలు లైట్లను ఉచితంగా చూస్తాయి, చీకటి రోజులు మొదలయ్యే ముందు.

శేరిలింగంపల్లి_సెడాన్
జత కొన్నాను, ఒరిజినల్ అని నమ్మకం కుదిరిన చోటే. వెలుగు రెండు వైపులా ఒకేలా ఉంది, ఆరిపోవడం లేదు. బల్బులు వేసిన కుర్రవాడు గోడ మీద ఎత్తు సరిచూడాలని అన్నాడు. ఎంత ఉండాలి?

తూర్పు_కనుమ
హెడ్‌లైటు మీదనో దాని దగ్గరలోనో 1.0% వంటి అంకె ముద్రించి ఉంటుంది. దాని అర్థం, 10 మీటర్ల దూరంలోని గోడ మీద లో బీమ్ పై అంచు హెడ్‌లైటు మధ్య ఎత్తు కంటే 10 సెంటీమీటర్లు కిందికి ఉండాలని. చదునైన నేల, సరైన టైరు గాలి, డ్రైవర్ సీట్లో ఒక మనిషి ఉంటే చాలు. ఆటో లెవలింగ్ ఉన్న బండికి స్కానర్‌తో ముందు సున్నా స్థానం నేర్పించి ఆ తర్వాతే స్క్రూ తిప్పాలి.

కొత్త_లైసెన్సు
తీసేసిన పాత బల్బులను ఏం చేయాలి? పాదరసం అన్నారు కదా, చెత్తబుట్టలో వేయవచ్చా?

డాలస్_గోదావరి
వేయకూడదు. ఒక్కో బల్బులో ఉండేది మిల్లీగ్రాము లోపే అయినా ట్యూబులైట్లు, సీఎఫ్ఎల్‌లు తీసుకునే ఈ-వేస్ట్ కేంద్రంలో ఇవ్వండి. పొరపాటున షెడ్డులో వేడి బల్బు పగిలితే తలుపులు బార్లా తీసి కాసేపు బయట నిలబడండి. ముక్కలను చీపురుతో ఊడవకుండా గట్టి కాగితంతో ఎత్తి, తడిగుడ్డతో తుడిచి, మూత ఉన్న డబ్బాలో వేయండి.

బెజవాడ_ఆటోనగర్
శేరిలింగంపల్లి గారూ, మీ రెండో పాత బల్బు ఇంకా వెలుగుతోంది కదా, దాన్ని పారేయకుండా కొత్త బల్బు పెట్టెలోనే సర్ది డిక్కీలో పెట్టుకోండి. అర్ధరాత్రి నకిరేకల్ దగ్గర ఏ దుకాణంలోనూ డి1ఎస్ దొరకదు. పెట్టె మీద కారు కిలోమీటర్ల రీడింగు కూడా రాసి ఉంచండి, వారంటీకి పనికొస్తుంది.